ఆ రోజు నవ్వినందుకు

ఆదివారం, 14 జూలై

చెల్లాయికి,

మీ అన్నయ్య మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ వదినా నేనూ క్షేమం. నువ్వు కొని పంపిన ఫోను మాత్రం నన్ను రోజూ ఉడికిస్తోంది.

బ్యాంకు గుమస్తాగారు కొత్త ప్యాంటు పట్టుకెళ్లి సాయంత్రం ఒక బొటనవేలి బొమ్మ పంపారు. బాగుందనా, బెత్తెడు పొడుగైందనా? మర్నాడు ఆయన్ని షాపు ముందు ఆపి, నడుము దగ్గర వేలు పెట్టి చూసుకుంటే గానీ నా ప్రాణం కుదుటపడలేదు. పక్కవీధి టీచరమ్మేమో జాకెట్టు కొలతలు గొంతుతో రికార్డు చేసి పంపింది. టేపు పట్టాల్సింది మనిషి ఒంటికమ్మా, ఫోనుకి కాదు అని కబురంపాను. ఇక మీ వదిన ఫోనెత్తిందంటే మనింటి సంగతులు వీధి చివరిదాకా తెలిసిపోతాయి. అంత అరిచేదానివి, మధ్యలో ఫోనెందుకే అంటాను.

ఇన్ని వేళాకోళాలాడే వాణ్ణి, ఈ ఉత్తరం మాత్రం తలవంచుకుని రాస్తున్నాను.

మూడు వారాల కిందట నువ్వు వీడియోలో మాట్లాడావు. నేను పగలబడి నవ్వి, "భేష్, మంచి పనైంది" అన్నాను. నువ్వు ఒక్క క్షణం నా వంక చూసి ఫోన్ పెట్టేశావు. మళ్లీ చేయలేదు. ఏదో అలక, అదే దిగుతుందిలే అనుకున్నాను. నిన్న బావగారు మీ వదినకి ఫోన్ చేసి, నీ ఛాతీలో గడ్డ ఉందనీ, ఇరవై అయిదున ఆపరేషననీ చెప్పారట. మేం కంగారు పడతామని ఆ రోజు నువ్వు నవ్వుతూనే ఆ మాట చెప్పావట. "ఆ పిల్ల అంత మాట చెబితే నవ్వుతారా? మీరసలు మనిషేనా?" అని వదిన నిలదీసింది. ఫోను సరిగ్గా పలకలేదన్నాను. నమ్మలేదు. పొద్దున్నుంచి నాతో మాటల్లేవు.

ఇరవై మూడున మొదటి బస్సుకే బయల్దేరుతున్నాను. షాపుకి తాళం. గుమస్తాగారి చొక్కాలు ఆగుతాయి. నీకోసం మెత్తటి గుడ్డతో రెండు గౌన్లు కుడుతున్నాను, ముందువైపు గుండీలు పెట్టి. చెయ్యెత్తకుండా తొడుక్కోవచ్చు. భయపడకు తల్లీ.

ఎప్పటికీ నీ
అన్నయ్య

తా.క. ఫోను తప్పేం లేదమ్మా. ఆ రోజు అది శుభ్రంగానే పలికింది. నాకే వినపడలేదు. రెండేళ్లయింది, కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం. షాపులో ఎదుటివాళ్ల పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. ఫోనులో ఆ వీలు కుదరదు, వీడియోలోనైనా అంత చిన్న బొమ్మలో పెదాల కదలిక నాకు అందదు. అందుకే దాన్ని అంత ఎగతాళి చేశాను. చెవిటి టైలరని తెలిస్తే కొలతలివ్వడానికి ఎవరొస్తారు? ఆ రోజు నీ మొహంలో నవ్వు చూసి, ఎప్పట్లాగే బావగారి మీద చాడీలు చెబుతున్నావనుకున్నాను. ఈ సంగతి నీకే మొదట చెబుతున్నాను. ఉత్తరం పోస్టు చేసొచ్చి వదినకీ చెప్పేస్తాను. నువ్వు కోలుకున్నాక అదే ఆసుపత్రిలో నా చెవులూ చూపిద్దాం. లోపలికి మాత్రం నువ్వు నాతో రావాలి. డాక్టరేమన్నాడో నాకెవరో ఒకరు చెప్పాలి కదా.