టైగర్‌తో గుట్టెక్కే మోకాళ్లు

సోమవారం, రాత్రి

ఇవాళ కూడా ఆయన తెల్లవారకముందే టైగర్‌ను పట్టుకుని సిద్ధుల గుట్ట ఎక్కి వచ్చారు. సోమవారం నాతో గుట్ట మీది గుడికి రమ్మని ఎన్నేళ్లు బతిమాలానో! ఎప్పుడడిగినా మోకాళ్ల నొప్పులే. ఈ డాబర్‌మ్యాన్ కుక్క వచ్చాక ఆ నొప్పులు ఎటు పోయాయో శివుడికే తెలియాలి.

పక్కింటి లక్ష్మి గోడ మీదుగా నవ్వింది. "వదినా, అన్న కుక్కను ఉరికిస్తుండా, కుక్క అన్నను ఉరికిస్తుందా?" నేనూ పైకి నవ్వాను.

సాయంత్రం ఆయన మార్కెట్ నుంచి ఆలస్యంగా వచ్చారు. రెండో పూట పరుగు లేక టైగర్ గొలుసు విడిపించుకుని, ఉడకబెట్టి ఆరబోసిన పసుపంతా వాకిలి నిండా చిమ్మింది. కొమ్ములు ఏరుతున్న నన్ను చూసి ఆయన, "దానిదేం తప్పు? ఉరికించకుంటే ఇల్లు పీకి పందిరేస్తదని దీన్ని అమ్మినాయన ముందే చెప్పిండు గదా" అన్నారు.

నా నోరు ఆగలేదు. "నన్నెన్నడన్న గట్ల గుట్టకు తీస్కపోయిన్రా?"

ఆయన కాసేపు టైగర్ చెవులు నిమిరారు. "అయితె పొద్దుగాల నువ్వు గూడ రా. ఇద్దరం పట్టుకుంటె గింత గుంజదు."

కుక్క కోసమే పిలిచారని తెలుసు. మూగజీవం మీద అసూయేమిటని దేవుడి ముందు లెంపలేసుకున్నాను. తగ్గలేదు. రేపు మంగళవారమైనా సరే, చీర తీసి పెట్టుకున్నాను. గొలుసు మాత్రం నేనొక్కదాన్నే పట్టుకుంటాను. ఆయన చేయి ఖాళీగా ఉండాలి, మెట్ల మీద నాకు అవసరం పడొచ్చు...