వాకిట్లో సీదా గీతలు

11 జూన్ 2007
పొద్దున వాకిట్లో గళ్ల ముగ్గు. అన్నీ నిలువు, అడ్డం గీతలే. తమ్ముడు నర్సింలు గులాబీల గంప మోపెడ్ మీద కట్టుకుంటూ ఆగాడు. "అక్కా, నీ చెయ్యి వణుకుతున్నదా ఏంది? నడిమిట్ల గీతలన్నీ వంకర పోయినయ్."
"ముసలిదాన్నయిన తియ్" అన్నాను.
వాడు పోయాక చూశాను. సీదాగానే ఉన్నాయి.

13 జూన్
వాడి ఎడమ కన్ను మూయించాను. ముగ్గు మంచిగ ఉన్నదట. కుడి కన్ను మూయించాను. "వంకరనే."
ఎడమ కన్నే, అయితే... పక్క చేను కొన్న సాఫ్ట్‌వేర్ వాళ్ల ప్లాటు రాళ్లు కూడా వంగి కనబడుతున్నాయట. "వాళ్ల కొలతనే తప్పనుకున్న అక్కా."
మోపెడ్ తాళం నా కొంగున ముడేశాను. అలిగాడు. అలగనీ.

18 జూన్
మొయినాబాద్‌లో బస్సెక్కి సిటీకి. కంటి దవాఖాన. స్కాన్ తీశారు. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది — ఏళ్లుగా షుగరు ఎక్కువై, కంటి వెనక తెరలోని సన్నని రక్తనాళాలు పాడయ్యాయి. వాటిలోంచి నీరు ఊరి తెర నడుమ వాచింది. గీతలు వంగేది అందుకే.
"డ్రిప్పు పైపు లీకైనట్టా మేడమ్?" తమ్ముడు అడిగాడు.
"అట్లనే. లీకు ఆగాలె, చేరిన నీరు ఇంకాలె."
కంట్లో సూది. నెలకొకటి. షుగరు, బీపీ అదుపులో లేకుంటే వాపు మళ్లీ వస్తుంది. ఆలస్యం చేస్తే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. ఇంట్లో చూసుకోవడానికి గళ్ల కార్డు ఇవ్వబోయింది. "మా అక్క వాకిట్లనే ఏస్తది" అన్నాడు. ఆమె నవ్వింది.

20 జూన్
మొదటి సూది. చుక్కల మందుతో కన్ను మొద్దుబారిందట, నొప్పి లేదట. భయమే పెద్దదట. నేను బయట రామనామం. సగంలో ఆగింది. మళ్లీ మొదటి నుంచి.

24 జూన్
కంట్లో నీళ్లు పడొద్దని తలస్నానం బంద్. "తలకు పోసుకోకుండనే దండం పెడుతున్న అని దేవునికి జర చెప్పు అక్కా."
చెప్పాను.

6 జులై
రోజూ గడప మీద నిలబడి, ఒక కన్ను మూసి, ముగ్గు చూస్తాడు. "కొంచెం సీదా అయితున్నయ్."
స్వామీ, నీ దయ.

23 జులై
రెండో సూది అయింది. చేవెళ్లలో షుగరు పరీక్ష — తగ్గింది. మరదలు సుజాత చక్కెర డబ్బా ఎక్కడ దాచిందో నాకూ చెప్పదు.

19 ఆగస్టు
ఎల్లుండి మూడో సూది. "మొత్తం సీదా ఉన్నయ్. ఇగ సూదెందుకు? శ్రావణమాసం, పూలకు గిరాకీ."
సంతోషమే. కానీ ముగ్గు వైపు చూడకుండానే చెప్పాడు.

21 ఆగస్టు
నడిమి గీత నేనే వంచాను. కావాలనే, బాగా.
గడప మీద నిలబడ్డాడు. "ఒక్కటి సుత వంకర లేదు."
దవాఖానకు తొడుక్కొమ్మని ఇస్త్రీ అంగీ తెచ్చి చేతికిచ్చాను. గీత చూపించాను. కిందికి వంగి చూశాడు, చాలాసేపు.
"దొంగవే అక్కా నువ్వు."
"నువ్వు కాదా?"
"...సూది యాదికొస్తే బస్సెక్క బుద్ధి కాదు."
చెయ్యి పట్టుకున్నాను. బస్సు దాకా వదల్లేదు, వాడూ విడిపించుకోలేదు. మూడోది అయింది. వాపు తగ్గిందట, పూర్తిగా పోలేదట.

2 సెప్టెంబరు
ఇవాళ ముగ్గు సీదాగా వేశాను. ప్రతి గీతా.
కుడి కన్ను చేత్తో మూసుకున్నాడు. ఈసారి నిజంగానే చూస్తున్నాడు. "నడుమ ఒకటి జర వంగినట్టున్నది... నువ్వు వంచినవా, నా కన్ను వంచిందా?"
"ఏలు పెట్టి చూపియ్యి."
గడప దిగాడు. ముగ్గు ముందు కూర్చున్నాడు. ఆ గీత మీద వాడి వేలు మెల్లగా, మెల్లగా పోతున్నది —