పశ్చాత్తాపం కాగితం

మార్చి 3

ఇవాళ్టి నుంచి మందిరం వాళ్ళెవరూ నాతో మాట్లాడరు. పొద్దుటి ప్రార్థన అయ్యాక మా సంఘం పెద్దాయన లేచి నా పేరు చదివారు, కారణం చదివారు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. అంతే. నా పక్కన కూర్చున్నాయన మోకాళ్ళు అటు తిప్పుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళుగా రెండో వరుసలో నిలబడి పాడుతున్నాను. కట్టుడు పళ్ళు చేస్తాను కాబట్టి అందరూ నన్ను పళ్ళన్న అంటారు. ఇవాళ బయటికి వస్తుంటే ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు.

డైరీ రాసే అలవాటు నాకు లేదు. ఈ బుక్కు డెంటల్ కంపెనీ వాళ్ళు ఫ్రీగా ఇచ్చారు. ప్రతి పేజీ అడుగునా నవ్వుతున్న పళ్ళు. ఏదో ఒకదానితో మాట్లాడాలి కదా.

మార్చి 4, సాయంత్రం

కారణం కూడా రాసిపెట్టుకోవాలి.

నా భార్య జనవరిలో పోయింది. అంతకు ముందు రెండేళ్ళుగా మందిరానికి రావడం మానేసింది. గొడవ చిన్నదే. ఎదురింటి ముసలావిడకి ఆపరేషన్, ఆవిడ కోసం ప్రార్థన చేద్దామని సభలో లేచి అడిగింది. ఆవిడ మన సభ్యురాలు కాదు కదమ్మా, మన ప్రార్థన మన రిజిస్టర్లో ఉన్నవాళ్ళకే అన్నారు పెద్దాయన. దేవుడు కూడా రిజిస్టర్ చూసుకునే వింటాడాండీ అంది ఈవిడ. కొంతమంది నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. బ్యాగు తీసుకుని ఆ పూటే వచ్చేసింది, మళ్ళీ వెళ్ళలేదు. నేను వెళుతూనే ఉన్నాను. నన్ను ఆపలేదు. బాగా పాడిరా అని గుమ్మం దాకా వచ్చేది.

ఇంట్లో మాత్రం దేవుడితో ఒకటే కబుర్లు. ఇస్త్రీ చేస్తూ, ఆయన ఎదురుగా నిలబడి ఉన్నట్టే నిలదీసేది. మొన్న చెప్పిన సంగతి ఏం చేశావు, ఎన్నిసార్లు అడగాలి, నీకు చెవుడా అని. పెళ్ళైన కొత్తలో, ఫోన్లో ఎవరో దగ్గరి చుట్టంతో పోట్లాడుతోందనుకునేవాణ్ణి.

ఆమె పోయిన మూడో వారం పెద్దాయనా, సెక్రటరీ కలిసి మా ఇంటికి వచ్చారు. ఏటా ఏప్రిల్ సభలో ఆ ఏడాది పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. ఆమె పేరు చదవాలంటే ఒక కాగితం కావాలి. టైపు చేసే తెచ్చారు. చివరి ఘడియల్లో తన తప్పు తెలుసుకుని, పశ్చాత్తాపపడి, సంఘాన్ని క్షమాపణ కోరింది అని. కింద భర్త సంతకం. ఆమె అలా అనలేదండీ అన్నాను. మనసులో అనుకునే ఉంటుంది, మనకేం తెలుసు అన్నారు సెక్రటరీ. తెలియనిదాని మీద సంతకం ఎలా పెట్టమంటారు అన్నాను. నెల గడువిచ్చి, కాగితం టేబుల్ మీద వదిలేసి వెళ్ళారు.

గడువు నిన్నటికి అయిపోయింది.

మార్చి 8

చెల్లెలు మెట్ల మీద ఎదురైంది. మాదంతా ఒకటే బిల్డింగు. నాది మొదటి అంతస్తు, తనది రెండోది. మా బావ మందిరంలో పాటలు నేర్పుతాడు. నాతో మాట్లాడితే వాళ్ళకీ ఇదే గతి. నాకు తెలుసు. తెలిసినా, బీరువా మోసుకెళ్ళేవాళ్ళకి దారిచ్చినట్టు అది గోడకి ఆనుకుని నిలబడిపోతే ప్రాణం ఉసూరుమంది. దాని నడక నేర్చుకోవడం నా వేలు పట్టుకునే.

మార్చి 16, ఉదయం

ప్రార్థన చేద్దామని వంటగదిలో నిలబడ్డాను. నోటికొచ్చింది పుస్తకంలోదే. మేము నీ సన్నిధికి వచ్చి ఉన్నాము. మేమంటే ఎవరు? స్టవ్ దగ్గర నేనొక్కణ్ణే. నేను వచ్చి ఉన్నాను అని మార్చి చూశాను. ఎవరో అపరిచితుడు తలుపు తట్టినట్టుంది. ఆ తర్వాత ఏమనాలో తోచలేదు. అలాగే నీళ్ళు నములుతూ నిలబడ్డాను.

దేవుడు లేడని నాకు ఒక్క రోజూ అనిపించలేదు. ఉన్నాడు. నాకే ఆయనతో మాట పరిచయం లేదు. ఇన్నేళ్ళూ పెద్దాయన ద్వారా కబుర్లు పంపుకున్నాను.

మార్చి 23

ఇవాళ నాతో మాట్లాడింది నేను పనిచేసే పళ్ళ క్లినిక్ డాక్టరమ్మ ఒక్కరే. ఆవిడ అన్నది ఒకటే మాట, పైదవడ సెట్టు ఎప్పటికవుతుందని.

ఏప్రిల్ 5

సంతకం పెట్టబోయాను.

చెల్లెలి పుట్టినరోజు. మందిరం వాళ్ళంతా మా తలుపు ముందు నుంచే పైకి వెళ్ళారు. అడుగుల చప్పుడు వింటూ కూర్చున్నాను. కాలు ఈడ్చే ఆయన వచ్చాడు, హైహీల్స్ ఆవిడ వచ్చింది. ఒక్క అడుగూ ఆగలేదు. తర్వాత పాట ఎత్తుకున్నారు. జతగా పాడే రెండో గొంతు లేదు. అది నాది. ఎవరూ అందుకోకపోతే పాట చప్పగా ఉంటుంది. పైకప్పు వైపు చూస్తూ నేను కింద నుంచే కూనిరాగం తీశాను. యాభై ఆరేళ్ళ మనిషిని. సిగ్గేసింది.

కాగితం తీశాను. పెన్ను తీశాను. మొదటి అక్షరం రాశాను.

ఆమె గొంతు వినిపించింది అని రాస్తే బాగుంటుంది. ఏమీ వినిపించలేదు. చెయ్యి ఆగిపోయింది, అంతే. ఆమె గురించి అబద్ధం చెప్పి ఆమె పేరు చదివిస్తే, వాళ్ళు చదివేది ఇంకెవరి పేరో అవుతుంది.

ఏప్రిల్ 18

క్లినిక్ నుంచి ఇప్పుడే వచ్చాను.

డాక్టరమ్మ ఊళ్ళో లేదు, క్లినిక్ మూసి ఉంది. వెనక గదిలో నేనొక్కణ్ణే మైనం కరిగిస్తున్నాను. తలుపు చప్పుడైంది. తీస్తే పెద్దాయన. నోటికి రుమాలు అడ్డం. జేబులోంచి పొట్లం తీసి నా చేతిలో పెట్టారు. ఆయన పైపళ్ళ సెట్టు, నిలువునా రెండు ముక్కలు. ఒక చీటీ కూడా ఇచ్చారు. రేపు సభ. చేయగలవా. అంతే రాశారు. చేయగలరా అని రాయలేదు, చేయవా అని బతిమాలనూ లేదు.

రేపే పేర్లు చదివే సభ. లిస్టు ఆయన పైజేబులోంచి కొంచెం బయటికి కనిపిస్తోంది. మా ఆవిడ పేరు తప్ప అందరి పేర్లూ చదవబోయే నోరది. బాగుచేయాల్సింది నేను. కుదరదని పంపేయొచ్చు. ఆ ఆలోచన వచ్చింది. రాలేదని రాయను.

స్టూలు జరిపి కూర్చోమన్నాను.

ముక్కలు కలిపి మైనంతో అంటించాలి. ప్లాస్టర్ పోసి అచ్చు తీయాలి. పగులు పొడవునా అరగదీసి కొత్త పౌడరూ లిక్విడూ నింపి గట్టిపడనివ్వాలి. రెండు గంటల పని. ఆ రెండు గంటలూ ఆయన నా చేతులనే చూస్తూ కూర్చున్నారు. రుమాలు ఎప్పుడో ఒళ్ళోకి జారింది. బుగ్గలు లోపలికి పోయాయి. పళ్ళు లేని మొహానికి హోదా నిలవదు. అచ్చం మా నాన్నలా ఉన్నారు.

పాలిష్ చేసి పెట్టాను. సరిగ్గా కూర్చుంది. అయినా మాట్లాడి చూస్తే గానీ చెప్పలేమండీ అన్నాను. ఆయన చీటీ అందుకుని అవసరమా అని రాశారు. రేపు మైకులో పళ్ళు ఈల వేస్తే నన్ననకండి అన్నాను. ఇరకాటంలో పడ్డారు పాపం. నాతో మాట్లాడకూడదు, మాట్లాడకుండా కుదరదు.

నాతో వద్దులెండి, పైనున్న ఆయనతోనే మాట్లాడండి అన్నాను. పొద్దుటి ప్రార్థన చెప్పండి, అందులో స లు బోలెడున్నాయి.

చాలాసేపు నేల చూపులు చూశారు. తర్వాత కళ్ళు మూసుకున్నారు. సకలం చూసేవాడా, సత్యం పలికించేవాడా, మా సణుగుడు సహించేవాడా. సత్యం దగ్గర ఈల వచ్చింది. ఆపి, తీసి, ముందుపళ్ళ వెనక కొంచెం అరగదీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. ఈసారి రాలేదు. నేను ఆయన పెదాల వైపే చూస్తున్నాను, పని ధ్యాసలోనే ఉన్నాను. మూడో వరుసకొచ్చేసరికి రెండు గొంతులు వినిపించాయి. ఒకటి నాది.

ఆయన ఆపలేదు. నేనూ ఆపలేదు. చివరి దాకా చెప్పాం. మేము నీ సన్నిధికి వచ్చి ఉన్నాము అన్నాం. ఆ గదిలో, ప్లాస్టర్ దుమ్ములో, నిజంగానే ఇద్దరం ఉన్నాం.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి నోరు తెరిచారు. మళ్ళీ మూసుకున్నారు. తల ఊపి వెళ్ళిపోయారు.

ఏప్రిల్ 19

మందిరం ఎదుటి పేవ్‌మెంట్ మీద నిలబడి విన్నాను. లౌడ్‌స్పీకర్లో ఒక్క ఈలా లేదు. మంచి పని చేశాను. పదిహేడు పేర్లు. పదిహేడో పేరు తర్వాత, ఒక పేరు పట్టేంతసేపు ఆగారు. తర్వాత పాట మొదలైంది.

పళ్ళు సర్దుకుని ఉంటారు.

ఏప్రిల్ 26, సాయంత్రం

బెల్లు మోగింది. చెల్లెలు. అన్నయ్యా అంది. యాభై నాలుగు రోజుల తర్వాత ఆ మాట. పక్కకి తప్పుకుని దారిచ్చాను.

ఒక గంట మాట్లాడుకోవడానికి పెద్దాయన పర్మిషన్ ఇచ్చారట. ముందు అది చెప్పలేదు. బాత్‌రూమ్ కుళాయి కారడం, మోకాలి నొప్పి, బావ గురకకి పక్కింటివాళ్ళు గోడ బాదడం, అన్నీ చెప్పింది. బావ గురకలో కూడా శ్రుతి తప్పడట. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టాయి, వాడకంలో లేని కండరాలు కదా. టీ పెట్టాను. చక్కెర ఎక్కువైందని తిట్టింది. ఆ తిట్టు కూడా ఎంత బాగుందో.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. పెద్దాయన మెత్తబడ్డారు. నేను సంతకం పెట్టక్కర్లేదు. రేపు ఉదయం వెళ్ళి వెనక వరుసలో కూర్చుంటే చాలు. నిషేధం ఎత్తేస్తారు. వదిన పేరు కూడా వచ్చే వారం విడిగా చదువుతారు. రిజిస్టర్లో రాయాల్సింది సెక్రటరీయే రాసుకుంటాడు.

ఏం రాస్తాడు అని అడిగాను.

చెల్లెలు కప్పులోకి చూసింది. అదే రాస్తారు అన్నయ్యా, పశ్చాత్తాపపడిందని. నువ్వు చూడక్కర్లేదు. నువ్వు సంతకం పెట్టేది ఏమీ లేదు. ఊరికే వచ్చి కూర్చో అంది.

నేను అక్కడ కూర్చుంటే అదే నా సంతకం కదా అన్నాను.

ఏడ్చింది. నాకు మాత్రం నీతో మాట్లాడాలని ఉండదా, రోజూ నీ తలుపు ముందు నుంచి దొంగలా మెట్లు దిగుతున్నాను, పోయినావిడ కోసం బతికున్నవాళ్ళని వదులుకుంటావా అంది. రాలేనమ్మా అన్నాను. కళ్ళు తుడుచుకుని, రెండు కప్పులూ తనే కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. వాచీ చూశాను. ఇంకా పన్నెండు నిమిషాలు మిగిలే ఉన్నాయి.

ఏప్రిల్ 27

వెళ్ళలేదు. పొద్దున్నంతా కిటికీ దగ్గర కూర్చున్నాను. ప్రార్థనా రాలేదు, ఏడుపూ రాలేదు.

మే 12, మధ్యాహ్నం

చెల్లెలు వచ్చింది. పర్మిషన్ తీసుకున్నావా అన్నాను. లేదంది. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడి అడిగింది. అసలు చివర్లో వదిన ఏమంది అన్నయ్యా అని.

ఈ మాట ఇప్పటి దాకా నన్నెవరూ అడగలేదు.

చెప్పాను. ఆ కుర్చీ మీద నీ చొక్కా తియ్యవయ్యా, ఆయన్ని ఎంతసేపు నిలబెడతావు అంది మీ వదిన.

గదిలో మేమిద్దరమే ఉన్నామని కూడా చెప్పాను.

మరి తీశావా అంది చెల్లెలు.

తీశానన్నాను.