షాహినా ప్రోగ్రెస్ కార్డు

మస్తాన్,

నువ్వు పోయి ఈ పొద్దుకి రెండేళ్లు. నీ తెలుగు పోస్టులోకి ఇంకా ఎవురూ రాలేదు. లెక్కలతో పాటు తెలుగు కూడా నేనే చెప్తా ఉండాను. భూములున్నోళ్ల పిల్లకాయలు, అంగళ్లోళ్ల పిల్లకాయలు వ్యానెక్కి ప్రైవేటు బళ్లకి పోయినారు. మనకి మిగిలింది ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఆడపిల్లలు, గొర్రెలు మేపుకునేవాళ్ల బిడ్డలు. నువ్వైతే ఉర్దూలో చెప్పి తెలుగు రాయించేవాడివి. నాకా భాష రాదు.

పిల్లకాయలకి తెలుగు చదవను రాలేదని పైవాళ్లకి చెప్పలేక, పరీక్షప్పుడు జవాబులు బోర్డు మీద రాసేసినాను. నువ్వు సున్నా వచ్చినోడికి సున్నానే వేసేవాడివి. "దాచిపెడితే ఎవురొచ్చి నేర్పుతారు రా?" అనేవాడివి. అదే జరిగింది. చదవను రాని పిల్లకాయల కోసం ఈ ఏడు వింజమూరుకి, కలువాయికి అదనంగా టీచర్లనిచ్చినారు. మార్కులు బాగుండాయని మనకి ఇవ్వలేదు.

పొద్దున ఖాదర్ బాషా బడికొచ్చినాడు. ఉదయగిరి కొండ కింద చెక్క గరిటెలు చేస్తాడే, ఆయనే. ఇంటికి పోయి కొట్లాడి నువ్వు ఆయన కూతురు షాహినాని ఆరో తరగతిలో చేర్పించినావు. బిడ్డకి మంచి మార్కులొచ్చినాయని విని, "మస్తాన్ సార్ ఉంటే ఎంత సంతోషపడేవాడో" అన్నాడు. ఆయనకి చదువు రాదు. ప్రోగ్రెస్ కార్డులో కింద నేనేం రాసినానో చదవమని కూతురి చేతికిచ్చినాడు.

ఆ పిల్ల కార్డు పట్టుకొని నా మొహం చూస్తా నిలబడింది. నేనే తీసుకొని చదివినాను.

"తెలుగు చక్కగా చదువుతుంది."