తాత పేరు లేని పాట

నాంపల్లి నుంచి

బాపుకు, అమ్మకు దండాలు. నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? తమ్ముడు కాలేజీకి సక్కగా పోతున్నాడా? ఫోన్‌లో అయితే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను బాపూ. చివరిదాకా చదువు.

ఇక్కడ వానలు ఆగడం లేదు. అబిడ్స్‌లో బట్టల షాపులో పొద్దంతా నిలబడే ఉండాలి, జర కూర్చుంటే సేటు మొహం మాడ్చుకుంటాడు. హాస్టల్‌లో పప్పు నీళ్లలాగే ఉంటుంది. ఫికర్ చేయకండి, తింటున్నాను.

సంగతేమిటంటే, మొజంజాహీ మార్కెట్ దగ్గర పండ్ల డబ్బాలు దించుతూ పటం నర్సయ్య కనబడ్డాడు. మన కులపోళ్ల ఇండ్ల ముందు బొమ్మల పటం కట్టి, పెద్దల పేర్లు వరుసగా పాడే ఆయన. తాత పోయినప్పుడు పాడడానికి వస్తే, "గివన్నీ పాత ముచ్చట్లు, మేం డీజే చెప్పినం" అని నువ్వు వాకిట్లోంచే పంపించావు కదా, ఆయనే.

చాయ్ తాగించి, మనోళ్ల పాట పాడమన్నాను. బస్సుల హారన్ల మధ్యనే డబ్బా మీద దరువేస్తూ అందుకున్నాడు. అన్నీ ఎన్నడూ వినని పేర్లు. బాయి తవ్వినాయన, కరువులో గొడ్లను తోలుకుపోయి తిరిగి రానాయన. ముత్తాత పేరు వచ్చింది. పాట ఆగిపోయింది.

"మా తాతేడి?" అన్నాను.

"కలపలే బిడ్డా. దినాల నాడు మీ వాకిట్ల మీ బాపు చెంబుతోని నీళ్లిస్తేనే కలుపుడు. నన్ను పొమ్మన్నడు గదా."

"ఇప్పుడు కలుపు, గీడనే!"

"గిట్ల రోడ్డు మీదనా? నీ తాతేమన్న బత్తాయినా, డబ్బాలెయ్యనీకె?"

నాకు మండింది. "మరి ఆడోళ్ల పేరు ఒక్కటి లేదేంది?" అని గదమాయించాను.

ఆయన నవ్వాడు. "ఎవ్వలు అడగలే."

బాపూ, నాకేమీ సమజ్ కావడం లేదు. ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకాలు చదివి, కులం పాటలన్నీ మనల్ని ఉన్నచోటే కట్టేసే పలుపుతాళ్లని హాస్టల్‌లో కొట్లాడేది నేనే. మరి పాట ఆగిన చోట నాకు ఏడుపెందుకు వచ్చింది? నా పేరు ఎన్నటికీ రాని పాట కోసం నాకెందుకింత రంధి? కోపం నీ మీదనా, ఆయన మీదనా, అదీ తెలియదు. నువ్వు ఆయనను పంపించడం తప్పని గట్టిగా అనలేను. ఒప్పని అసలే అనలేను.

దసరా తర్వాత ఆయన మన ఊరికి వస్తాడట. గొంతు పోతోంది, కొడుకు నేర్చుకోలేదు, ఇదే ఆఖరు తిరుగుడు అన్నాడు. ఈసారి రానియ్యి. తాత పేరు కలపమను. పక్కనే నాయనమ్మ పేరు కూడా. ఆమె చేసిన చాకిరీ నీకు తెలియనిది కాదు.

నేను సెలవు పెట్టి వస్తాను. నువ్వు నీళ్లివ్వకపోతే నేనిస్తాను. ఆడపిల్ల ఇస్తే చెల్లుతుందా అని ఆయనను అడగలేదు. అడగను.

పెద్దమ్మకు, చిన్నాయనకు నా దండాలు చెప్పు. తిట్టినట్టే రాశాను, నిజమే. అయినా దీవించు.

నీ బిడ్డ,
స్వరూప