పసుపు పట్టిన ఇంజను

నాయనా ఓబులేసూ,

మీ అత్త దీవించి, ఎవరి చేతా రాయించక తానే కూడబలుక్కుంటూ రాసిన జాబు. బేతంచెర్ల గనిలో ఇంజన్లు చూసేవాడివని నిన్నే అడుగుతున్నాను.

పెండ్లిళ్లకు దీపాలు వెలిగించే మన ఇంజను చల్లగా ఉన్నప్పుడు బాగానే అందుకుంటుంది. వేడెక్కేసరికి నల్లపొగ కక్కి ఆగిపోతుంది. గాలి పోయే చోట చోకు రేకు ఉంది కదా, వేడికి అదే తెరుచుకుంటుందని మీ మామ చెప్పేవాడు. ఇప్పుడది మూసుకునే ఉంటుంది. నిన్న వేలితో తెరిచి పట్టుకుంటే ఇంజను ఆడింది, వేలు తీస్తే ఆగింది.

ఏటా ఆయుధపూజకు దానికి పసుపు పూసేది మీ మామే. ఈ యేడు ఆయన లేడు, ఇంట్లో ఇంకెవరూ లేరు. నేనే పూశాను. రేకు మీద, దాన్ని తిప్పే స్ప్రింగు మీద కూడా మందంగా పట్టించాను. అది ఎండి బిగుసుకుందేమోనని నా అనుమానం. పక్కింటి తిరుపాలమ్మ మాత్రం, "ముండమోసిన చెయ్యి తగిలినాక అది యాడ ఆడ్తాదక్కా" అనింది. అప్పటినుంచి ఇంజను దగ్గరికి పోవాలంటే భయంగా ఉంది. ఆ పసుపును కిరసనాయిలుతో తుడవొచ్చా? తుడిస్తే ఇంకేమైనా అవుతుందా? వేంపల్లెలో పెండ్లికి ఒప్పుకున్నాను. ముహూర్తానికి దీపాలు ఆరితే తిరుపాలమ్మ మాటే నిజమంటారు. మళ్లీ నన్ను ఏ పెండ్లికీ పిలవరు.

పసుపే కారణమైతే జాబు రాయి. నా చెయ్యే కారణమైతే రాయొద్దు నాయనా, వచ్చి చెప్పు. నీ గొలుసుకట్టు రాత చదవడం నాకు రాదు. జాబులు చదివి వినిపించేది తిరుపాలమ్మ మొగుడే.

మీ అత్త