గోడ మీంచి దూకిన రోజు

అక్కకు నమస్కారాలు.

ఇక్కడ నేనూ, నీ మరదలూ కులాసాగానే ఉన్నాం. నువ్వూ, బావా, పిల్లా క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. కొట్లో గడియారాలు విప్పి పెట్టుకుని మూడుసార్లు చదివాను. "రక్తం కారకుండానే నాలుగేళ్ల పిల్లకి వారానికి రెండు సూదులేమిట్రా? దెబ్బ తగిలాక చూసుకోలేమా?" అని అడిగావు. నాకూ, నీ కూతురికీ పుట్టుకతోనే రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం ఒకటి తక్కువ. దాన్ని ముందే ఎక్కిస్తూ ఉంటే, కీళ్లలో పైకి కనబడకుండా కారే రక్తం చాలావరకు ఆగుతుంది. నా చిన్నప్పుడు ఈ మందు లేదు. నలభయ్యో ఏట మొదలుపెట్టాను. రెండేళ్లుగా ఆసుపత్రిలో పడుకోలేదు. కుడి మోకాలు మాత్రం ఇక వంగదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.

నొప్పిగా ఉంటుందా అన్నావు. ఉంటుంది. ముందు చేతిని గోరువెచ్చని నీళ్లలో ఉంచితే నరం త్వరగా దొరుకుతుంది.

అమ్మ మంచం కోళ్లకీ, బల్ల మూలలకీ పాత దుప్పట్లు చుట్టడం గుర్తుందా? నువ్వు నన్ను 'పింగాణీ' అనేదానివి. వాన పడి బడి మెట్లు తడిస్తే వీపున ఎక్కించుకునేదానివి. "దిగరా, నా నడుం పడిపోతోంది" అని గొణుగుతూనే ఆఖరి మెట్టు దాకా దించేదానివి కాదు. నీ తడి జడ నా బుగ్గకు తగిలేది. ఇప్పటికీ వాన పడితే ఆ చల్లదనమే గుర్తొస్తుంది.

ఇక అసలు మాట. పార్కులో కూడా పిల్ల చెయ్యి వదలడం లేదని బావ రాశాడు. ఎందుకో నాకు తెలుసు. నా తొమ్మిదో ఏట బడి గోడ దగ్గర నువ్వు చెప్పు సరిచేసుకోవడానికి వంగావు. లేచి చూసేసరికి నేను కింద ఉన్నాను. "ఎలా పడ్డావురా?" అని అమ్మ అడిగింది. "అక్క చెయ్యి వదిలేసింది" అన్నాను. అమ్మ వారం రోజులు నీతో మాట్లాడలేదు.

నువ్వు వదల్లేదక్కా. నేనే విడిపించుకుని గోడెక్కి దూకాను. అందరూ దూకుతున్నారు. నిజం చెబితే అమ్మ బడి మాన్పించేస్తుందని భయపడ్డాను. ఆరు నెలలు మంచాన పడ్డా, దూకినందుకు నాకు చింత లేదు. గాల్లో ఉన్న ఆ కాస్సేపూ నేను అందరిలాంటివాణ్ణే. నేరం నీమీద పెట్టి ముప్పై మూడేళ్లు నోరు మెదపనందుకే సిగ్గుపడుతున్నాను.

మందుంది కదా అని గోడలెక్కించమనను. డాక్టరు సరేనన్న ఆటలైనా ఆడనివ్వు.

మొదటి సూది రోజున వస్తాను. పిల్ల పక్కనే కూర్చుని నాదీ వేయించుకుంటాను. మామయ్య మొహం ముడుచుకుంటే అది నవ్వాలి. అదయ్యాక దాన్ని బావకు అప్పగించి, నన్ను బయటికి తీసుకెళ్లి, ఇన్నేళ్లకు సరిపడా తిట్టు.

ఇట్లు,
నీ తమ్ముడు